ఎండాకాలపు బేరం

మా కారు అమ్మేశాం. ఒక్క ముక్కలో రాసేశాను గాని, ఆ ముక్క వెనక నెలరోజుల రామాయణం ఉంది. అది ఏ కంపెనీ కారని మాత్రం అడక్కండి. పేరు చెప్పి వాళ్ళను ఆడిపోసుకోవడం నాకిష్టం లేదు. తప్పు కంపెనీది కాదు, వయసుది. ఇరవై ఏళ్ళు పైబడి ఎండకూ వానకూ నిలబడితే రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది, రేకు తుప్పు పడుతుంది. మనకు మాత్రం మోకాళ్ళు పట్టేయడం లేదూ?

మాది కలువాయి. నేను పుట్టింది కోవూరు వైపు, మాగాణిలో. పెళ్ళయి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ ఎర్రనేల, ఈ రాళ్ళు, నిమ్మతోటలు చూసి నాలుగు రోజులు దిగాలుపడ్డాను. పక్కనే పెన్న. పైన 78 టీఎంసీలు పట్టే సోమశిల. అయినా మాది మెట్టే. వాన కోసం మొగులు వైపు చూడాల్సిందే. ఆ వాన కూడా మిగతా వాళ్ళకు పడ్డట్టు ఆషాఢశ్రావణాల్లో గట్టిగా పడదు. మాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. ఆశ్వయుజం దాటాక మొదలై, కార్తీకంలో వాయుగుండాలతో వచ్చి, మార్గశిరానికల్లా సర్దుకుంటాయి. అంచేత మా కారు ఏడాదిలో తొమ్మిది నెలలు బుద్ధిమంతురాలు. తక్కిన మూడు నెలలూ దాని గుణం బయటపడేది.

మొదటిసారి బయటపడింది 2021 నవంబరులో. ఆ వానలు మీకూ గుర్తుండే ఉంటాయి. పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయింది, కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగింది. అట్లాంటి ఒక రాత్రి, రెండు గంటల వేళ, మా వాకిట్లో వేపచెట్టు కింద నిలబెట్టిన కారు ఉన్నట్టుండి హారన్ కొట్టడం మొదలుపెట్టింది. ఆపకుండా ఒకటే మోత. లోపల మనిషి లేడు, తాళంచెవి దేవుడి గూట్లో ఉంది. ఎదురింటి వాళ్ళు లేచారు, పక్కింటి ముసలమ్మ లేచింది, కుక్కలు లేచాయి. మావారు గొడుగేసుకుని వెళ్ళి, బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ పీకితే గాని అది నోరు మూయలేదు. తెల్లవారి పక్కింటి ముసలమ్మ, "మీ బండికి దయ్యం పట్టినట్టుండాదే, తాయెత్తు కట్టించు" అంది.

దయ్యమూ కాదు, భూతమూ కాదు. మెకానిక్ అబ్బాయి వచ్చి చెబితే తెలిసింది. హారన్ మీట నొక్కినప్పుడు మనం చేసేదల్లా ఒక తీగను కారు ఇనుముకు తగిలించడమేనట. ఆ పని మనం చేయకపోతే తడి చేసిపెడుతుంది. మరి తడి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇదుగో, అసలు కథ ఇక్కడుంది.

కారు ముందు అద్దం కింద, వైపర్లు ఉండేచోట, చిన్న కాలవలాంటి పల్లం ఉంటుంది. అద్దం మీద పడ్డ వానంతా అందులోకి జారి, రెండు పక్కలా ఉన్న కంతల్లోంచి నేలమీదికి పోవాలి. కారు లోపలికి గాలి పోయే దారి కూడా అక్కడే. మా వేపచెట్టు ఆకులన్నీ ఏళ్ళ తరబడి అందులో పడి, కుళ్ళి, మన్నయి, ఆ కంతలు పూడిపోయాయి. నీళ్ళు నిండి, పోయే దారి లేక, గాలి దారిన లోపలికి దిగాయి. దానికి తోడు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఒక మూల పగిలింది. దిగిన నీళ్ళు తిన్నగా కిందపడి ఊరుకున్నా బాగుండేది. అట్లా పడలేదు. తీగను పట్టుకున్నాయి. వానలో బట్టలారేసే దండెం చూడండి. చినుకు ఎక్కడ పడ్డా తాడు వెంట జారి, తాడు ఎక్కడ బాగా వేలాడుతుందో అక్కడికి వెళ్ళి కారుతుంది. కార్లో తీగలూ అంతే. మా కార్లో ఆ వేలాడే చోట ఉన్నది ఫ్యూజుల డబ్బా.

ఇంకో సంగతి కూడా ఆ అబ్బాయే చెప్పాడు. వాన చినుకులో కరెంటు అంత సులువుగా పారదట. దారిలో దుమ్మూ, ఉప్పూ, మట్టీ కలుపుకున్నాకే దానికి ఆ శక్తి వస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం నీళ్ళు ఆరిపోయాక. మన రాగిచెంబుకు పచ్చగా చిలుము పడుతుంది కదా, అదే చిలుము తీగ కొసల్లో, జాయింట్లలో పడుతుంది. చెంబునైతే చింతపండు పెట్టి తోముకుంటాం. గొట్టంలోపల, తొడుగు కింద ఉన్న తీగను ఎవరు తోముతారు? చెమ్మ ఆరినా చిలుము ఉండిపోతుంది. ఇవాళ ఈ దీపం, రేపు ఆ వైపరు. ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు.

నీళ్ళు ఎక్కడ దూరుతున్నాయో కనిపెట్టిన ఘనత మాత్రం నాది. డాష్‌బోర్డు కింద, తలుపుల అంచులకూ పొడి ముగ్గుపిండి చల్లాను. మావారు లోపల టార్చిలైటుతో కూర్చున్నారు. నేను బయట చెంబుతో, ముందు కింద నుంచి, తర్వాత కొంచెం కొంచెం పైకి నీళ్ళు పోసుకుంటూ వచ్చాను. ఒకేసారి పైనుంచి బిందెడు కుమ్మరిస్తే ఏ కంతలోంచి వచ్చిందో తెలియదు మరి. ఎడమ మూల పోసేసరికి లోపల ముగ్గుపిండి మీద సన్నని గీత పడింది. "దొరికిందోయ్!" అని మావారు అరిచిన అరుపుకు పక్కింటి ముసలమ్మ మళ్ళీ లేచింది.

కంతలు చీపురుపుల్లతో పొడిచి శుభ్రం చేశాం. రబ్బరు మార్పించాం. ఇక అయిపోయిందనుకున్నాం. మరుసటేడు కార్తీకంలో నెల్లూరు నుంచి వస్తూ పొదలకూరు దాటాం. రాత్రి, జడివాన. ఎదురుగా లారీ. మా లైట్లు రెండూ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఎంతసేపో నేను చెప్పలేను. మళ్ళీ వాటంతటవే వెలిగాయి. ఇంటికొచ్చేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ తర్వాత మళ్ళీ తీగలు కొన్ని మార్పించాం. అయినా వానాకాలం రాత్రుళ్ళు ఆ కారెక్కడం మానేశాం. అంటే దాని జబ్బు నయమైందో లేదో మాకే తెలియదన్నమాట.

అట్లాంటి కారును కిందటి వైశాఖంలో అమ్మకానికి పెట్టాం. వైశాఖంలో మా కలువాయి ఎండ సంగతి మీకు చెప్పేదేముంది? ఆ ఎండలో మా కారు తళతళా మెరిసిపోతోంది. హారన్ అడిగినప్పుడే మోగుతోంది. లైట్లు భేషుగ్గా వెలుగుతున్నాయి.

పక్క ఊరి కుర్రాడొకడు వచ్చాడు. నిమ్మకాయలు కొని పొదలకూరు మార్కెట్టుకు వేస్తుంటాడు. కారంతా చుట్టి చూశాడు, నడిపి చూశాడు. అరవైవేలు ఇస్తానన్నాడు. నేను మజ్జిగ ఇచ్చాను. తాగుతూ చెప్పాడు. "ఇంట్లోదానికి మూడో నెలమ్మా. కార్తీకానికి పురుడు. రేత్రిపూట నొప్పులొస్తే ఆటో కోసం యాడ తిరిగేది? ఇంట్లో ఒక బండుంటే ధైర్యం గదా."

నేను మావారి వైపు చూశాను. ఆయన వేపచెట్టు వైపు చూశారు. "రేపు కనబడు అబ్బాయా" అని పంపించేశారు.

ఆ రాత్రి మా ఇద్దరికీ వాదం. మావారు నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, అన్యాయంగా మాట్లాడే మనిషి కాదు. ఆయన మాటలోనూ పస ఉంది. "వాడు అడగలేదు. అడిగితే నేను అబద్ధం చెప్పను. మనం బాగుచేయించాం. బాగయిందేమో కూడా. ఇప్పుడు పోయి 'లైట్లు ఆరిపోతాయి' అంటే వాడు ఉన్నదానికన్నా పదింతలు ఊహించుకుంటాడు. చెప్పకపోతే ఉన్నదానికన్నా తక్కువ ఊహించుకుంటాడు. రెండూ నిజానికి దూరమే కదా? పాత కారు కొనేవాడికి పాత కారని తెలియదా?"

నాకు జవాబు తోచక మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ప్లీడరు. వాడికి నవ్వొచ్చింది. "అక్కా, బావ చెప్పింది చట్టమే" అన్నాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో పదిహేడో సెక్షను ఉందట. ఊరికే మౌనంగా ఉండడం మోసం కిందికి రాదని అందులో ఉంది. దానికో ఉదాహరణ కూడా ఇచ్చారట. ఒకాయన తన గుర్రాన్ని వేలంలో అమ్మాడు. దానికి జబ్బుందని ఆయనకు తెలుసు, చెప్పలేదు. అది మోసం కాదు. కాని కొన్న మనిషి ఆయన కూతురే అయి, అప్పుడే మేజరయిన పిల్ల అయితే? అప్పుడు చెప్పాల్సిన బాధ్యత తండ్రికి ఉంది.

చూశారా చిత్రం! గుర్రం అదే, జబ్బు అదే. పరాయివాడైతే నోరు మూసుకోవచ్చు, కూతురైతే మూసుకోకూడదు. చట్టం రాసినవాళ్ళకు మనసు లేకపోలేదు, దాన్ని ఇంటి గడప దాకానే నడిపించారు. మూడో ఉదాహరణ కూడా చెప్పాడు తమ్ముడు. కొనేవాడు, "మీరు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అంటే, అప్పుడు అమ్మేవాడి మౌనం మాట్లాడినట్టే లెక్కట. మా కుర్రాడు ఆ మాట అనలేదు. పాపం, వాడికి సెక్షన్లు తెలియవు. "ఇంట్లో బండుంటే ధైర్యం గదా" అన్నాడు అంతే. ఆ మాటకూ ఈ మాటకూ ఎంత తేడా ఉందో మీరే చెప్పండి.

తమ్ముడు పుస్తకాల పురుగు, ఒకటి అడిగితే నాలుగు చెబుతాడు. క్రీస్తు పుట్టకముందు 44లో రోముకు చెందిన సిసిరో అనే ఆయన ఈ తగాదానే రాసిపెట్టాడట. ఒకడు ఇల్లు అమ్ముతున్నాడు. ఆ ఇంట్లో పడకగదులన్నిట్లోనూ పాములు కనబడతాయని అమ్మేవాడికొక్కడికే తెలుసు. చెప్పాలా, అక్కర్లేదా? చెప్పనక్కర్లేదని ఒక పండితుడు, చెప్పాలని ఇంకో పండితుడు. సిసిరో చెప్పాలనే పక్షం. సరే, అక్కడ పడకగదిలో పాములు, ఇక్కడ ఫ్యూజు డబ్బాలో నీళ్ళు. అంతదూరం ఎందుకు, 2015 డిసెంబరులో మద్రాసు మునిగినప్పుడు నీళ్ళలో నానిన కార్లు ఆరబెట్టుకుని అమ్మకానికి వచ్చాయి కదా. ఎండలో నిలబెడితే వాటి ముఖాన మాత్రం ఏం రాసి ఉంటుంది?

ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. పక్కన మావారికి మాత్రం పట్టింది. ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. చెప్పవచ్చునా అని ఆయన్ను అడిగే రాస్తున్నాను.

మా పెళ్ళి 1984లో, వైశాఖంలోనే. మా నాన్న వచ్చి పెళ్ళికొడుకును చూసింది కూడా మంచి ఎండల్లోనే. నిటారుగా, ఆరోగ్యంగా, బడిపంతులు ఉద్యోగంతో ఉన్నారు. ఇంకేం కావాలి? కార్తీకమాసం వచ్చింది. ముసురు పట్టింది. ఒక అర్ధరాత్రి ఈయన లేచి కూర్చున్నారు. ఊపిరి ఆడడం లేదు. ఛాతీలోంచి ఈలలాంటి చప్పుడు. నేను బెదిరిపోయి తలుపు తీసేసరికి మా అత్తగారు అప్పటికే వేణ్ణీళ్ళ చెంబుతో గుమ్మం దగ్గర ఉంది. మామగారు మాత్రల డబ్బా తెచ్చారు. ఆడబిడ్డ దిండ్లు పేర్చింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఎవరి పని వాళ్ళకు తెలుసు. ఆ గదిలో ఏం జరుగుతోందో తెలియని మనిషిని నేనొక్కదాన్నే. తెల్లవారి పాలు పోసే ఆమె కూడా, "మొగులు పడితే అయ్యకు ఇంతే గదమ్మా" అంది.

ఉబ్బసం. చిన్నప్పటి నుంచీ ఉందట, వానాకాలంలోనే వస్తుందట. నేను అత్తగారిని అడిగాను. ఆవిడ చెడ్డమనిషి కాదు, నన్ను కూతురిలా చూసుకుంది. "మీ నాయన అడగలేదు గదమ్మా" అంది.

ఒకవేళ చెప్పి ఉంటే? మా నాన్న ఈ సంబంధం చేసేవారు కాదు. అది ఖాయం. నాకు ఈ ఇల్లూ, ఈ పిల్లలూ, ఈ మనిషీ ఉండేవారు కాదు. నలభై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఈయన్ను చేసుకున్నందుకు నేను విచారించలేదు. ఇప్పుడు పీల్చుకునే మందొచ్చింది, కార్తీకం వచ్చినా భయం లేదు. కాబట్టి, చెప్పకపోవడం వల్ల నాకు మేలే జరిగిందనాలి. అయినా ఆ తెల్లవారుజాము తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు చల్లబడుతుంది. ఉబ్బసం వల్ల కాదు. జబ్బెవరికి రాదు? ఇంటిల్లిపాదికీ, పాలమనిషితో సహా తెలిసిన సంగతి, ఆ మనిషితో బతకాల్సిన నాకొక్కదానికే తెలియకుండా ఉంచారు చూడండి, దానికి. నన్ను మోసం చేశారని కూడా అనను. నన్ను లెక్కలోంచి తీసేశారు, అంతే.

పొద్దున కాఫీ ఇస్తూ మావారితో ఒకటే అన్నాను. "మనింట్లో ఆ కారు సంగతి ఎవరెవరికి తెలుసు?" ఆయన లెక్కపెట్టారు. మనిద్దరికీ, పిల్లలకూ, మెకానిక్‌కూ, పక్కింటి ముసలమ్మకూ, ఎదురింటి వాళ్ళకూ. "పురిటికి ఎక్కబోయే ఆ పిల్లకు?" అన్నాను. ఆయన కాఫీ తాగడం ఆపి నా ముఖం వైపు చూశారు. నేను దేని గురించి మాట్లాడుతున్నానో ఆయనకు అర్థమైంది. ఆ విషయం మా మధ్య ఎప్పుడో గాని రాదు.

కుర్రాడు వచ్చాడు. మావారు అంతా చెప్పారు. దాచకుండా, పెంచకుండా, పాఠం చెప్పినట్టే చెప్పారు. హారన్ మోగిన రాత్రి, లైట్లు ఆరిన రాత్రి, ఏమేం మార్పించామో, ఏది తెలియదో అన్నీ. కుర్రాడు వింటూ వింటూ కారు వైపు చూశాడు. నిన్న చూసిన చూపు కాదు. మావారన్నట్టే పదింతలు ఊహించుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. "ఆలోచించుకుని వస్తా సారూ" అని వెళ్ళిపోయాడు.

పదిరోజులు అయిపు లేడు. ఈలోగా ఆత్మకూరు నుంచి ఒక బ్రోకరు ఫోన్ చేశాడు. యాభై అయిదు వేలు ఇస్తాడట, చూడను కూడా చూడడట. అతనికి చెప్పాలా వద్దా? అతను కార్లు కొని అమ్మే మనిషి, అతనికి తెలియని కిటుకులేం ఉంటాయి? అతనికి చెప్పినా అతను ముందువాడికి చెబుతాడా? నా బాధ్యత ఎంతమంది దాకా పోతుంది? వీటికి నాకు ఇప్పటికీ జవాబు తెలియదు. నిజం చెప్పాలంటే అప్పుడు నా ప్రాణం కొంచెం లాగింది కూడా. పోనీలే, ఇచ్చేద్దాం, పీడా విరగడవుతుంది అనుకున్నాను.

పదకొండో రోజు కుర్రాడు బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అబ్బాయి ఎలక్ట్రీషియను. "అమ్మా, ఆ ముగ్గుపిండి ఇట్టీండి" అన్నాడు. నేను ముగ్గుపిండి, చెంబు, బక్కెట్లు ఇచ్చాను. గంటన్నర నీళ్ళు పోశారు. పాత తీగల కట్ట ఒకటి పూర్తిగా మార్చాలని, ఫ్యూజు డబ్బాను ఆ చోటు నుంచి పైకి జరపాలని, తీగలు డబ్బాలోకి పోయేముందు కిందికి వంపు పెడితే నీటిబొట్టు ఆ వంపులోనే రాలిపోతుందని బావమరిది తేల్చాడు. మా దండెం లెక్కే! దానికి అయ్యే ఖర్చు తగ్గించుకుని యాభై రెండు వేలు ఇచ్చారు. ఎనిమిది వేలు పోయాయి. మావారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు గాని, ఒక్క మాట అనలేదు.

కార్తీకం వచ్చింది. వాయుగుండమూ వచ్చింది. వాన పడ్డ ప్రతి రాత్రీ నాకు మెలకువే. ఒక తెల్లవారుజామున ఫోన్ మోగింది. నెల్లూరు ఆసుపత్రి నుంచి ఆ కుర్రాడే. "ఆడపిల్లమ్మా! ఇద్దరూ బాగుండారు. రేతిరి వానలోనే వచ్చాం. లైట్లూ ఆరిపోలేదు, హారనూ మోగలేదు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వాడు ఇంకా చెబుతున్నాడు.

"అయితే ఒకటుండాదమ్మా. పురిటి గుడ్డల మూట డిక్కీలో పెట్టాం. తీసి చూస్తే బొట్లు కారతా ఉండాది. డిక్కీలోకి కూడా నీళ్ళు దిగతాయని మీరు చెప్పనేలేదే?"

"అయ్యో నాయనా, ఆ సంగతి మాకూ తెలియదు" అన్నాను. ఫోన్ పెట్టేసి మావారికి చెప్పాను. ఆయన మాట్లాడలేదు. చాలాసేపటికి, "డిక్కీలో ఎప్పుడూ ఒక గోనెపట్టా పరిచి ఉంచేవాణ్ణి, గుర్తుందా?" అన్నారు.

గుర్తుంది. వానాకాలంలో రెండు రోజులకోసారి దాన్ని తీసి గోడమీద ఆరేసేది నేనే. అది ఎందుకు తడుస్తోందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.